జపాన్ దాదా దగ్గరున్న మా నాలుగో గిన్నె

ఆ రోజుల్లో ఖరగ్‌పూర్‌లో మా మావయ్య స్టీలు సామాన్ల దుకాణం నుంచి ఏమేం పోయాయో ముందే చెప్పేస్తాను. లెక్క చెప్పకుండా కథ మొదలుపెట్టడం నాకు చేతకాదు. మూత ఉన్న డబ్బాలు తొమ్మిది. నాలుగు గిన్నెల క్యారియర్ ఒకటి. గరిటె ఒకటి (ఇది దుకాణం లెక్కలోకి వస్తుందని మావయ్య, రాదు తన సొంతమని అత్త, ఈ తగువు ఇంకా తేలలేదు). మావయ్య మధ్యాహ్నం నిద్రలు కొన్ని. నా పరువు కొంత, దాన్ని తూచే కాటా మా దుకాణంలో లేదు. అన్నిటికంటే చివర గుమాస్తా ఒకడు. ఆ గుమాస్తాను నేనే.

చదువులో నేను పెద్దగా సాధించింది లేదు. లెక్కలు మాత్రం సొంతంగా నేర్చుకున్నాను, అదీ తిన్నదారిన కాదు. ప్రేమ్ బజార్‌లో గది ఖాళీ చేసి వెళ్తున్న ఎవరో పరిశోధక విద్యార్థి పాత సామాన్ల వాడికి అమ్మేసిన వాటిలో ఒక చెక్క చట్రం నా కంటబడింది. వరసకి పైన ఒక పూస, కింద నాలుగు. దాంతోపాటు బొమ్మల పుస్తకం ఒకటి. జపాన్ వాళ్ళు దీని మీద కూడికలు, తీసివేతలు చేస్తారని బొమ్మలు చూసి తెలుసుకున్నాను. బొమ్మల కింద ఏం రాసుందో తెలియాలంటే ఆ అక్షరాలు రావాలి. అక్షరాల కోసం ఇంకో పుస్తకం కొన్నాను. ఆ పుస్తకంలో వాళ్ళు ఎలా కూర్చుంటారో, ఎలా వంగి దణ్ణం పెడతారో, కానుకలు ఎలా ఇచ్చిపుచ్చుకుంటారో ఉంది. అలా పూసల దగ్గర మొదలై మొత్తం దేశం మీదే మనసు పడిపోయింది. దుకాణంలో మోకాళ్ళు మడిచి మడమల మీద కూర్చుని చిట్టా రాసేవాణ్ణి. రెండు పేజీలయ్యేసరికి కాళ్ళు తిమ్మిరెక్కి, గిరాకీ వస్తే లేవలేక, కావలసిన గిన్నె ఏ అరలో ఉందో వేలితో చూపించేవాణ్ణి. తర్వాత తర్వాత చట్రం లేకుండానే, పూసలు జరుపుతున్నట్టు గాలిలో వేళ్ళు ఆడిస్తూ లెక్క కట్టడం వచ్చింది. అది చూసి మా అత్త రెండుసార్లు దిష్టి తీసింది.

నా కోరిక ఒక్కటే: జపాన్ వెళ్ళి అక్కడ ఏదైనా లెక్కలు చూసే పని చెయ్యడం. ఈ సంగతి చెబితే మావయ్య, "ముందు సాలువా క్యాంపు పాత బాకీలు వసూలు సెయ్యి, తర్వాత జపాను ఎల్దువులే" అన్నాడు.

అలాంటి సమయంలో జపాన్ మనిషే మా దుకాణం మెట్లెక్కాడు. అక్కడి ఇంజనీరింగ్ కాలేజీ క్యాంపస్‌లో ఏదో యంత్రం బిగించడానికి వాళ్ళ కంపెనీ పంపిన ఇంజనీరు, ప్రేమ్ బజార్‌లో మేడమీద గది తీసుకుని ఉంటున్నాడు. (బజారంతా అతన్ని జపాన్ దాదా అనేది, నేనూ అదే పేరు వాడతాను.) టీ కెటిల్ కావాలని వచ్చాడు. నేను లేచి పుస్తకంలో ఉన్నట్టు నడుము దాకా వంగాను. అతను ఆశ్చర్యపోయి, అంతకంటే కొంచెం ఎక్కువ వంగాడు. అవతలివాళ్ళు లేచేదాకా లేవకూడదని నా పుస్తకంలో ఉంది. అతని పుస్తకంలోనూ అదే ఉన్నట్టుంది. ఇద్దరం అలాగే ఉండిపోయాం. మావయ్య కూడా కుర్చీ దిగి, వంగి, కౌంటరు కింద చెయ్యి పెట్టి తడుముతూ, "ఏటి పడిపోయిందిరా?" అన్నాడు.

నాకొచ్చిన నాలుగు జపాన్ మాటలూ అతనితో మాట్లాడాను. వాళ్ళ ఊళ్ళో కంపెనీ చిన్నదని, యంత్రాలు మన దేశానికి అమ్ముతున్నారని, అక్కడ విడిభాగాల లెక్క చూసే మనిషి దొరకడం లేదని అతనే చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఉద్యోగం అడగడానికి జపాన్ భాషలో ఒక ఉపన్యాసం తయారుచేసుకున్నాను. మొదటి వాక్యం వాతావరణం గురించి, రెండోది అతని ఆరోగ్యం గురించి, అసలు విషయం మూడోది.

ఆ మూడో వాక్యానికి మా అత్త అడ్డుపడింది. పరాయి దేశంలో ఒక్కడూ రొట్టెముక్కలు తిని బతుకుతున్నాడని తెలిసి, దుకాణంలోంచి కొత్త డబ్బా తీసి, పులిహోర పెట్టి నా చేత పంపింది. నాలుగు రోజులకి అతను ఆ డబ్బాను తళతళలాడేలా తోమి, నీలం గుడ్డలో చుట్టి, చక్కగా ముడేసి తెచ్చాడు. విప్పి చూస్తే సగం దాకా బియ్యప్పిండి బిళ్ళలు. నేను రెండో వాక్యంలో ఉండగానే వంగి వెళ్ళిపోయాడు.

"సగమేటిరా? పాపం, ఆ బావుకి ఇంట్లో నిండుకున్నాయేమో" అంది అత్త.

అది వాళ్ళ పద్ధతి అని చెప్పాను. కానుక వస్తే, దాని విలువలో సగం ఉండేది తిరిగి ఇస్తారు. అంటే మనం ఇచ్చింది ఒకటైతే అతనిచ్చేది అర, మళ్ళీ మనం పావు, అతను అర్ధపావు, ఇంకో రెండు వారాల్లో ఈ వ్యవహారం దానంతటదే ఆవగింజంత అయి ఆగిపోతుంది, అప్పుడు నేను ఉద్యోగం అడుగుతాను అని లెక్క వేసి చూపించాను. లెక్కలో తప్పు లేదు. మా అత్తను అందులో కలపకపోవడమే తప్పు. శ్రీకాకుళం నుంచి ఆమె తెచ్చుకున్న పద్ధతి ప్రకారం, ఒక ఇంటి నుంచి వచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి వెళ్ళకూడదు, వచ్చినదానికి రెట్టింపు వెళ్ళాలి. అతను సగం చేస్తాడు, ఈమె రెండింతలు చేస్తుంది. గాలిలో ఎన్నిసార్లు వేళ్ళాడించినా జవాబు మళ్ళీ ఒకటే వచ్చింది. అంటే దీనికి అంతం లేదు. ఆ మాటే చెబితే, "నీ లెక్క నీ కాడెట్టుకో. డబ్బా కాళీగా ఎల్లదు" అంది.

డబ్బాలు వెళ్తున్నాయి, వస్తున్నాయి, కొన్ని అక్కడే ఆగిపోతున్నాయి. కజ్జికాయలు వెళ్తే సముద్రపు నాచు రేకులు వచ్చాయి. (మావయ్య వాటిని నల్ల కాగితాలనుకుని పొట్లాలకి దాచాడు.) అరిసెలు వెళ్తే ఆకుపచ్చ టీ పొడి వచ్చింది. కరివేపాకు పొడి అనుకుని అత్త మొదటి ముద్దలో నెయ్యేసి కలిపి తిని, ఉప్పు తక్కువైందని తీర్పు చెప్పింది. ఒకసారి ఉప్పులో ఊరేసిన ఎర్రటి పళ్ళు వచ్చాయి. ఒకటి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుని, "ఈడు మనోడేరా" అంది. ఆ వారం మూడు డబ్బాలు వెళ్ళాయి. మావయ్య ఖాళీ అర ముందు నిలబడి, ఇంత లెక్కలోడివి కదా, ఈ వ్యాపారంలో మనకి మిగిలిందేటో తేల్చమని నన్ను అడిగాడు.

జపాన్ దాదా తెచ్చుకున్న కానుకలు అయిపోయాయి. సెలవురోజున కలకత్తా వెళ్ళి కొనుక్కొచ్చేవాడు. తర్వాత మా దుకాణం వైపు రావడమే మానేశాడు. ఒకరోజు నన్ను చూసి సైకిల్ షాపులో దూరి, అక్కడ వేలాడుతున్న టైర్ల వెనకాల నిలబడ్డాడు. చేతిలో డబ్బా లేదు కాబట్టి అతనికి మొహం చెల్లలేదు. నా ఉద్యోగం టైర్ల వెనకాల దాక్కుందని నాకు అర్థమైంది.

ఆ సాయంత్రం అత్తను బతిమాలాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఖాళీ డబ్బా తీసుకో, లేకపోతే నా బతుకు ఈ అరల మధ్యే అయిపోతుంది అన్నాను. అత్త చేతిలో ఉన్న డబ్బాను కొంగుతో తుడిచి పక్కన పెట్టింది. చివరికి, "సరే, కాళీదే పంపమను. నానేటీ అనుకోను" అంది. గొంతు మాత్రం అన్నీ అనుకున్నట్టే ఉంది. నేను పరుగెత్తి ప్రేమ్ బజార్ వెళ్ళి, మా అత్తగారు ఇకనుంచి ఖాళీ డబ్బాలు పంపమన్నారని మంచి జపాన్ భాషలో విన్నవించుకున్నాను. అతను సంతోషిస్తాడనుకున్నాను. కానీ అతని మొహం ఎర్రబడింది. మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"నేనేం తప్పు చేశాను?" అన్నాడు మెల్లిగా.

ఖాళీ డబ్బా పంపమనడమంటే ఇక నీ కానుకలు మాకొద్దనడమేనని నా పుస్తకంలో లేదు. తలుపు వేసుకున్నాడు. డబ్బాలు ఆగిపోయాయి. నా లెక్క ప్రకారం ఆగవలసినట్టే ఆగాయి, నా ఉపన్యాసం రెండో వాక్యం దగ్గరే ఉండిపోయింది.

అతను వెళ్ళిపోయే రోజు పొద్దున అత్త నాలుగు గిన్నెల క్యారియర్ నింపుకుని స్టేషన్‌కి బయల్దేరింది. నేను వెనకాల నడిచాను. బండి కదలబోతుండగా తలుపు దగ్గర అతన్ని పట్టుకుని, బజార్ హిందీలో, "దాదా, హమ్ ఖాలీ డబ్బా నహీ మాంగా. ఏ బోలా, ఏ" అని, ఖాళీ డబ్బాలు అడిగింది తను కాదు నేనేనని నన్ను వేలుపెట్టి చూపించి, క్యారియర్ చేతిలో పెట్టింది. అతను తిరిగి ఇవ్వడానికి జేబులు, సంచులు అన్నీ తడిమాడు. ఏమీ లేదు. బండి కదిలింది. తన పెట్టెకి చుట్టి ఉన్న నీలం గుడ్డ విప్పి అత్త చేతిలో పడేసి, కదులుతున్న బండిలోంచే వంగాడు. అత్త కూడా వంగింది. ఆమె ఎవరికైనా వంగడం నేను చూడటం అదే మొదలు. నేను మూడో వాక్యం అరిచాను కానీ అప్పటికి ఇంజను కూత వేసింది.

ఆరు నెలల తర్వాత దుకాణానికి ఫోనొచ్చింది. తమ కంపెనీ విడిభాగాల స్టోర్స్‌లో పని ఉంది, వస్తావా అన్నాడు జపాన్ దాదా.

అక్కడ చేరిన మొదటి రోజు నా పూసల చట్రం బల్ల మీద పెట్టుకుని, దీని వల్లే కదా నన్ను తీసుకున్నారు అని జపాన్ దాదాని అడిగాను. ఇక్కడ అందరి దగ్గరా క్యాలిక్యులేటర్లు ఉన్నాయన్నాడు. హిందీ, బెంగాలీ తెలిసినవాడు ఫోన్ల దగ్గర పనికొస్తాడని యజమానికి చెప్పాడట. "అది ఆయనకి చెప్పిన కారణం. మీ అత్తగారికి నేను ఒక క్యారియర్ బాకీ. అందులో సగం విలువ చేసేది ఏమిటా అని ఆరు నెలలు ఆలోచించాను" అన్నాడు.

అంటే నా ఉద్యోగం, నా జపాన్, ఆ క్యారియర్‌లో సగం. ఫోన్లో ఈ సంగతి చెబితే అత్త, "అయితే మనం రెండింతలు పంపాల" అంది.

ఇదంతా జరిగి ఇరవై ఏళ్ళు దాటింది. జపాన్ దాదా ఉద్యోగం విరమించి మా పక్క వీధిలోనే ఉంటున్నాడు. నేను ఖరగ్‌పూర్ వెళ్ళినప్పుడల్లా క్యారియర్‌లోంచి ఒక్కో గిన్నె, ఉప్పు పళ్ళు సగం దాకా నింపి, నాతో పంపేవాడు. అలా మూడు వెళ్ళాయి. (తొమ్మిది డబ్బాలనూ అత్త ఎప్పుడో కానుకల పద్దులో రాయించేసింది.) నాలుగోది అడిగితే ఎక్కడో పెట్టానంటాడు. అది అతని వంటింటి కిటికీలో ఉండటం నేను చూశాను. నీలం గుడ్డ ఇచ్చెయ్యమంటే అత్త కూడా, "అది ఇక్కడుంటేనేరా ఆ గిన్ని అక్కడుంతాది" అంటుంది. మావయ్యకి ఓపిక తగ్గడంతో, కౌంటరు దగ్గర ఇప్పుడు ఆవిడే కూర్చుంటోంది.

మొన్న పక్కింటామె పంపిన పళ్ళెం తిరిగి ఇవ్వబోతూ, సగం నింపాలా రెట్టింపు నింపాలా తేలక, అలవాటు కొద్దీ గాలిలో వేళ్ళాడించాను. రెండు వారాల్లో అంతా ఆవగింజంత అయి ఆగిపోతుందని లెక్క చూపించిన ఆ కుర్రగుమాస్తా గుర్తొచ్చి నవ్వొచ్చింది. రోజూ వేల విడిభాగాల లెక్క సరిచూసి తాళం వేసేవాణ్ణి, ఈ ఒక్క పద్దు మాత్రం మూసే ప్రయత్నం మానేశాను. ఈ రోజుకి మేము ఇవ్వవలసినది గుడ్డ, ఒకటి. మాకు రావలసినది గిన్నె, ఒకటి.