చచ్చిన రాజు మళ్ళీ పాడాడు

ప్రేక్షకుడు కథలో మునిగిపోయి ఏడవకూడదని, ఇది నాటకమని గుర్తుంచుకుని ఆలోచించాలని ఒక జర్మన్ నాటక రచయిత అన్నాడట. ఆయన గురించి మా విజయవాడ కాలేజీలో నేను మాట్లాడాలి. నలుగురిలో నోరు తెరవాలంటే నాకు చావే. కనీసం ఒక్క నాటకమైనా ఏడవకుండా చూశానని చెప్పుకుందామని, చల్లపల్లిలో పద్యనాటకం ఉందంటే పెద్దమ్మతో వెళ్ళాను. "ఏడవలేదు" అని డైరీలో ముందే రాసేసుకున్నాను కూడా.

రాజు పద్యం పాడి ప్రాణం విడిచాడు. నా కళ్ళు నిండాయి. జనం "వన్స్ మోర్!" అని అరిచారు. చచ్చిన రాజు లేచి, కిరీటం సర్దుకుని, హార్మోనియం వైపు తల ఊపి, అదే పద్యం పాడి మళ్ళీ చచ్చిపోయాడు. నేనూ మళ్ళీ ఏడ్చాను.

"అదేంటే, ఇప్పుడేగా లేచి పాడాడు! ఊరుకో," అంది పెద్దమ్మ జంతిక కొరుకుతూ. "అయినా తప్పు ఆ రాజుదే. మంత్రి మాట వింటే చచ్చేవాడా?"

కాలేజీలో లేచి నిలబడ్డాక, రాసుకెళ్ళిన నాలుగు పేజీల్లో మొదటి లైనే దొరక్క పెద్దమ్మ మాటలే చెప్పేశాను. అందరూ నవ్వారు. మేడమ్ గారు "వన్స్ మోర్" అన్నారు. చచ్చిన రాజుకున్న ధైర్యం నాకెక్కడిది, కూర్చుండిపోయాను.