కర్రకు తగిలించిన తలగుడ్డ

మొన్న సాయంత్రం మా మనవరాలు ఆటోనగర్ నుంచి వచ్చీ రాగానే, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో కూలబడింది. అది అక్కడొక వర్క్‌షాపులో సూపర్‌వైజరు. ఆ రోజు వాళ్లందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, పైవాళ్లు కిందివాళ్లతో ఎలా మాట్లాడాలో, ఎలా వినాలో ఎవరో పెద్దమనిషి పొద్దంతా పాఠం చెప్పాడట. పాఠం బాగానే ఉంది గానీ, తన కింద పనిచేసేవాళ్లు ఏం చెప్పినా తల ఊపుతారే తప్ప మిషను చప్పుడు మారిందని ఒక్కరూ వచ్చి చెప్పరని, తీరా అది ఆగిపోయాక చూస్తే అందరికీ ముందే తెలుసునని తేలుతుందని దాని గోల. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వింటున్నదాన్ని నేను పక్కున నవ్వేశాను. దానికి కోపం వచ్చింది. నాకు మాత్రం సరుగుడు కర్రకు వేలాడుతున్న మా బావగారి ఎర్రగళ్ల తలగుడ్డ కళ్లముందు ఆడింది.

విశాఖ స్టీలు ప్లాంటు కడుతున్న ఆ రోజుల్లో గాజువాక చూసినవాళ్లకు నేను వేరే చెప్పనక్కర్లేదు. ఎటు చూసినా ఎర్రమట్టి, లారీలు, రేకుల షెడ్లు, ఏ హోటలు బల్ల మీద కూర్చున్నా పక్కవాడిది ఏ ఊరని అడగడమే. మా ఆయన అన్నగారు, అంటే మా బావగారు, అప్పటికే మేస్త్రీగా పేరు తెచ్చుకున్నారు. వానల్లేక బీడుపడ్డ మడిచెక్కల్ని వదిలించి మా ఇంటిల్లిపాదినీ ఆయనే తీసుకొచ్చేశారు. కొత్తగా వచ్చే ఉద్యోగుల కోసం ఒక కాంట్రాక్టరు ఇళ్లు కడుతుంటే ఆ సైట్లోనే మాకు పని, దాని పక్కనే ఆయన వేయించిన పాకల్లో కాపురం. గ్యాంగులో పరాయివాళ్లెవరూ లేరు. కాంక్రీటు కలిపేది మా ఆయన, మా మరిది, వాళ్లకు వరసకు అన్నదమ్ములయ్యే మగవాళ్లు. దాన్ని ఇనప గమేళాల్లో మోసేది నేను, మా చిన్న తోటికోడలు, మా ఊరి కోడళ్లు. అత్తా, బావగారి భార్య మా పెద్ద తోటికోడలూ పాకల దగ్గరే ఉండి వంటా పిల్లలూ చూసుకునేవారు.

చిక్కంతా ఆ చుట్టరికంలోనే ఉంది. మాలో తమ్ముడి పెళ్లాం బావగారి ఎదుట పడదు, పడినా మాట్లాడదు. ఇంట్లో అయితే దానికి ఉపాయాలున్నాయి. కూరలో ఉప్పు చాలిందా అని అడగాలంటే చంటిపిల్లని ఒళ్లో పెట్టుకుని ఆ పిల్లని అడిగినట్టు అడిగేదాన్ని, ఆయన గోడకు చెప్పినట్టు జవాబు చెప్పేవారు, మరీ అవసరమైతే మధ్యలో అత్త ఉండనే ఉంది. కాస్త ఆలస్యంగా చేరినా మాట చేరేది, అన్నం చల్లారేది కాదు. కానీ సైట్లో చంటిపిల్లా లేదు, అత్తా లేదు. కాంక్రీటు మాత్రం ఎవరికోసమూ ఆగేది కాదు.

ఒకరోజు చిన్న గోడ పోస్తున్నాం. రెండు వైపులా చెక్కలు నిలబెట్టి, మధ్యలో కాంక్రీటు పోసి, అది గట్టిపడేదాకా బయటనుంచి సరుగుడు కర్రలు ఆనించి ఆపుతారు. గమేళా వంచి తిరిగేసరికి ఒక చెక్క ఉబ్బుతూ కనిపించింది నాకు. నాకే కాదు, నా వెనకామెకీ, ఆ వెనకామెకీ కనిపించింది. బావగారు అక్కడే ఉన్నారు. ముగ్గురం తలలు దించుకుని, మా ఆయన ఎక్కడున్నాడా అని వెతుక్కుంటూ ఇసక కుప్ప దాకా నడిచాం. ఆయనకు చెప్పి, ఆయన వెళ్లి వాళ్లన్నగారికి చెప్పేలోపు చెక్క విడిపోయి సగం గోడ నేలపాలైంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదే పదివేలు.

కాంట్రాక్టరు కేకలు వేయలేదు, వేసినా బాగుండేది. రాబోయేది పెద్ద నీళ్ల ట్యాంకనీ, అది కూడా ఇలాగే చేస్తే పాకలు ఖాళీ చేసి వెళ్లిపొమ్మనీ నెమ్మదిగా చెప్పి వెళ్లిపోయాడు. వెళ్లిపోవడానికి మాకు ఊళ్లో ఏముంది గనక?

ఆ సాయంత్రం కంచం ముందు కూర్చుని బావగారు చెక్కల్ని తిట్టారు, మేకుల్ని తిట్టారు, వడ్రంగిని తిట్టారు. ముగ్గురు ఆడవాళ్లు ముందే చూశారని అత్త చెప్పేసరికి ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగిపోయారు. అప్పుడు అత్త అంది: "ఆళ్లు నోరు నేనోళ్లు కార్రా. నీకాడికి మాటొచ్చే దారే నేదు. మేస్త్రివి నువ్వు, నువ్వే సూడు దారి." ఆయన ముద్ద కంచంలో వదిలేసి చెయ్యి కడిగేసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే పని మొదలుపెట్టకముందు, మా బావగారు సైటు మధ్యలో ఒక సరుగుడు కర్ర పాతి, తన తలగుడ్డ విప్పి దానికి తగిలించారు. ఆ తలగుడ్డ లేకుండా ఆయన్ని నలుగురిలో చూసినవాళ్లెవరూ లేరు. మావైపు చూడకుండానే ఇలా అన్నారు: "ఇది మీ బావ కాదు, ఉట్టి గుడ్డ. దీనికి సెప్పడానికి సిగ్గేటి? నానిక్కడే అటు తిరిగి నిల్సుంటాను. సెవులు మాత్రం ఇటే ఉంటాయి."

మేం కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నాం, నవ్వు ఆగితేనా. పొద్దెక్కేదాకా ఒక్కరూ అటు వెళ్లలేదు. ఆఖరికి మా చిన్న తోటికోడలు, అది పుట్టడమే నోటితో పుట్టింది, కర్ర ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "ఓ తలగుడ్డా, నీకు తెల్దేటో గానీ నీళ్ల డబ్బా అడుగు కారిపోతంది. సెప్పుకోనేక సత్తన్నాం." బావగారు నవ్వలేదు. అటు తిరిగే, అందరికీ వినపడేలా అన్నారు: "ఇన్నాను. డబ్బా అడుగు కారతంది. మార్సేత్తాను."

ఆ చివరి ముక్కే మా గ్యాంగు తలరాత మార్చిందని నేనంటాను. చెప్పినదాన్ని చెప్పినట్టుగా ఆయన నోట మళ్లీ వినేసరికి, మన మాట ఎక్కడా పడిపోకుండా చేరిందన్న ధైర్యం వచ్చేది. ఆ తరవాత తలగుడ్డకు తీరుబడి లేదు. కంకరలో మట్టి ఉందనీ, నిలబడే పలక ఊగుతోందనీ, ఒకామెకు నెలలు నిండుతున్నాయి గనక బరువు తగ్గించాలనీ అన్నీ దానికే. ఆయన కూడా పొద్దున్నే పని చెప్పి, ఎవరేం చెయ్యాలో వాళ్ల నోటితోనే తలగుడ్డకు చెప్పించేవారు. ఎవరికి అర్థం కాలేదో అక్కడే తేలిపోయేది. గోదావరి వైపునుంచి వచ్చిన కుర్ర ఇంజనీరు మొదట ఇదేదో మొక్కు అనుకున్నాడు. సంగతి తెలిశాక ఒకనాడు తనే వచ్చి, "ఏవండీ తలగుడ్డగారూ, ఇసక తడిగా ఉందండి, నీళ్లు తగ్గించమని మీ మేస్త్రికి చెబుతారా" అన్నాడు. బావగారు అతనికి కూడా "ఇన్నాను" అనే అన్నారు.

పెద్ద ట్యాంకు గోడ పోసే రోజు రానే వచ్చింది. ముందురోజు వానకు నేల మెత్తబడింది. మధ్యలో పని ఆగితే గోడలో అతుకు పడి నీళ్లు కారతాయని ఇంజనీరు పదేపదే చెప్పాడు. తెల్లవారుతూనే మొదలుపెట్టాం. చేతినుంచి చేతికి గమేళాలు పాకుతున్నాయి, మాటలు లేవు, గాజుల చప్పుడే. మధ్యాహ్నం దాటాక నేను పలక మీద నిలబడి గమేళా వంచుతూ కిందికి చూస్తే, ఎడం పక్క ఆనించిన కర్ర మొదలు బురదలో జారుతోంది. తలగుడ్డ ఎక్కడో ఇసక కుప్ప దగ్గర ఉంది. బావగారు నా ఎదురుగా, కిందనే నిలబడి ఉన్నారు. నేనేం ఆలోచించలేదు.

"బావగారూ, ఆపీయండి. ఎడం పక్క కర్ర జారిపోతంది."

వరసంతా బిగుసుకుపోయింది. బావగారు తలెత్తి నా ముఖం చూడలేదు. చెయ్యి మాత్రం పైకెత్తారు. "ఇన్నాను. ఎడం పక్క కర్ర. ఆపండెహే." మా ఆయనా మరిదీ పరుగెత్తుకొచ్చి కొత్త కర్రలు దిగ్గొట్టారు. తడి ఆరకముందే మళ్లీ గమేళాలు కదిలాయి. పొద్దు వాలేసరికి గోడ పూర్తయింది.

చెక్కలు విప్పి, గోడ గట్టిపడ్డాక ట్యాంకు నిండా నీళ్లు పెట్టారు. మర్నాడు కాంట్రాక్టరు వచ్చి గోడ చుట్టూ అరచేత్తో నిమురుకుంటూ నడిచాడు. వెనకే మేమందరం. మొత్తం తిరిగొచ్చి చెయ్యి పైకెత్తి చూపించాడు. పొడి చెయ్యి. చుక్క తడి లేదు. ఆడా మగా ఒక్కసారి అరిచిన అరుపు పాకల దగ్గరున్న అత్తకు వినపడిందట. ఇక మిగిలిన ట్యాంకులన్నీ మాకే ఇస్తున్నానని అతనన్నాడు. జారిన కర్ర సంగతి ఎవరు కనిపెట్టారని ఇంజనీరు అడిగితే, బావగారు నలుగురిలోనూ తల పైకెత్తి చెప్పారు: "మా మరదలు సెప్పింది. నాను ఇన్నాను."

విచిత్రమేమిటంటే, ఆ మర్నాడు మళ్లీ తలగుడ్డ కర్రకు ఎక్కింది. నేను మళ్లీ దానికే చెప్పాను, ఆయన మళ్లీ అటు తిరిగే విన్నారు. ఆ ఒక్క కేక సంగతి మా ఇద్దరిలో ఎవరమూ ఎత్తలేదు. మమ్మల్ని చూసి పక్క సైట్లలో ఇంకొందరు మేస్త్రీలు కూడా తలగుడ్డలు తగిలించారు. తలగుడ్డ అలవాటు లేని ఒకాయన గొడుగు పాతాడు.

ఇదంతా విని మా మనవరాలు చిక్కుడుకాయల బుట్ట తన వైపు లాక్కుని ఈనెలు తీయడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఎవరైనా ఎవరితోనైనా మాట్లాడొచ్చు, చేతిలో ఫోనుంది, అడ్డుపడే వరసలు లేవు, మరి అందరూ ఎందుకు నోరు మూసుకుంటున్నారని అడిగింది. తలగుడ్డలే లేని రోజుల్లో తను ఏం తగిలించాలని కూడా అడిగింది. అది చెప్పాల్సిన బావగారు పోయి చాలా ఏళ్లయింది. ఆయనకు నడినెత్తిన బట్టతల ఉండేది, అది దాచుకోవడానికే ఆ తలగుడ్డ అని మా పెద్ద తోటికోడలు తరవాతెప్పుడో చెప్పింది. ఆ మనిషి ఆ వేసవంతా మా మాట కోసం గాజువాక ఎండలో ఒట్టి తలతో నిలబడ్డాడు.