అగ్గిపెట్టెంత బొమ్మలో అమ్మ

నా చిన్నప్పుడు, మా అమ్మ చనిపోయిన ఏడు, చనిపోయినవాళ్లకు విస్తరి పెట్టే పెత్రమాస అమావాస్యకు ముందు మా మామ తాండూరు నుంచి కుల్కచర్ల దగ్గరి మా ఊరికి వచ్చాడు. అమ్మకు తమ్ముడు. దుకాణాలకు బోర్డులు రాసేవాడు, అడిగితే బొమ్మలూ వేసేవాడు. అమ్మకు ఒక్క ఫోటో కూడా లేదు. వికారాబాదు పోయి దిగుదామని నాన్న అన్నప్పుడల్లా, గొర్లను ఎవరు చూస్తారని అమ్మ వాయిదా వేసేది. పెత్రమాస నాటికి గోడ మీద తన బిడ్డ బొమ్మ ఉండాలని అమ్మమ్మ పట్టుబట్టింది. నా ఆరాటం ఇంకా ఎక్కువ. అప్పటికే అమ్మ ముక్కు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాల్సి వస్తోంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేక భయపడుతూ తిరిగేదాన్ని.

మామ రంగుల డబ్బాలు తెరవనే లేదు. వాకిట్లో కూర్చుని, వెంట తెచ్చుకున్న నాపరాయి ముక్కల మీద అగ్గిపెట్టెంత గళ్లు గీసుకుని, ఒక్కో గడిలో ఒక్కో రకంగా అమ్మను పెట్టి చూస్తున్నాడు. ఒకదాంట్లో నిలబడి, ఒకదాంట్లో పొయ్యి దగ్గర. చీకటికి బొగ్గు, వెలుగుకు సుద్ద, ఆ రెంటికీ మధ్యదానికి రాయి రంగే. నన్ను కళ్లు సగం మూసి చూడమనేవాడు. నచ్చకపోతే తడిగుడ్డతో తుడిచేసి, రాయి ఆరేదాకా ఊరికే కూర్చునేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. కళ్లు, ముక్కు ఎప్పుడు వేస్తావని సతాయించాను.

"చిన్నగ గీస్తె అబద్ధం ఆడేతందుకు జాగ ఉండదు బిడ్డ," అన్నాడు. "ముందుగాల మీ అమ్మ యాడ కూసుంటదో దొరకనీ."

సాయంత్రానికి దొరికింది. గడప దగ్గర కూర్చుని కందులు చెరుగుతున్న మనిషి. వెనక వాకిలి వెలుగు, ముందంతా చీకటి, చేట అంచు మీద మాత్రం కాస్త తెలుపు. మొహం ఉండాల్సిన చోట బొగ్గు మరక. చూడగానే ఏడుపొచ్చింది. అది అమ్మే. ఆ వంగడం, ఒక భుజం కిందికి జారడం ఇంకెవరికీ లేవు.

దాన్నే మామ పెద్ద అట్ట మీద రంగుల్లో వేశాడు. మొహాన్ని మాత్రం చీకట్లోనే వదిలేశాడు. అమ్మమ్మ తల బాదుకుంది. ఎట్లనో ఒకట్ల కళ్లు పెట్టమని బతిమాలింది. మామ కుంచెను మొహం దాకా తెచ్చి, మళ్లీ డబ్బాలో పెట్టేశాడు.

"నాకు యాదికొస్తలేదే అవ్వ," అన్నాడు చివరికి. "ఎవలదో మొకం పెడితె, రేపటి సంది గీ పిల్ల దాన్నే అమ్మా అంటది."

పెత్రమాస నాడు ఆ బొమ్మ ముందే విస్తరి పెట్టారు. బొట్టు పెట్టబోయిన అమ్మమ్మ, నుదురెక్కడో తెలియక చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ కుంకుమ బొమ్మలోని చేట మీద పెట్టింది.

ఆ అట్ట ఎన్నడో చెమ్మకు పాడైపోయింది. నేనిప్పుడు అమ్మకంటే చాలా పెద్దదాన్ని. ఆమె మొహం పూర్తిగా మరిచిపోయాను. చెప్పుకోవడానికి బాధగానే ఉంది. కానీ ఆ చోట ఇంకెవరి మొహమూ వచ్చి కూర్చోలేదు. కళ్లు సగం మూస్తే వాకిలి వెలుగు, చేట అంచు, జారిన ఆ భుజం కనిపిస్తాయి. నాకు మిగిలింది అంతే. మిగిలినంత మటుకు అది మా అమ్మే.