కాలవ పనికి వెళ్లిన మావయ్య

మా మావయ్యకు ఏళ్ల తరబడి పనిలేదు. తొందరపాటు ఆయన వంశంలోనే లేదు. వానలు ముఖం చాటేసిన ఏడాది, పనిలేనివాళ్ల కోసం దొరతనంవారు పెనుగొండ దగ్గర కాలవ తవ్వకం పెట్టించారు. అత్తయ్య ఆయన చేతికి పార ఇచ్చి పంపింది. ఆయన గట్టున నిలబడి, కాలి బొటనవేలితో మట్టిని నొక్కి చూసి, "నేల ఇంకా మెత్తబడాలండి" అనేవారు. వారం గడిచినా అదే పరీక్ష. ఇంట్లో పొయ్యి వెలగక, చివరికి అత్తయ్యే తెల్లారగట్ల నాలుగిళ్లలో వడ్లు దంచి వచ్చి ఆ పార అందుకుంది. మావయ్య నీడన కూర్చుని, తవ్వడం ఎలాగో ఆమెకు సెలవిచ్చేవారు.

పని చూడవచ్చిన అధికారి ముచ్చటపడి, "ఇన్నాళ్లకు మీ ఇంట్లో ఒకరికి పని దొరికిందమ్మా" అన్నారు.

అత్తయ్య మట్టితట్ట నెత్తికెత్తుకుంటూ, "నాకు పని లేనిదెప్పుడండి?" అంది.

మావయ్య నిజమేనన్నట్టు గంభీరంగా తలూపారు.