ముప్పై ఏడో కుండీ

ఎర్ర పిడి డబ్బాలో కాడ్మియం కలిపిన విషపు నీళ్లు, నీలం పిడి డబ్బాలో మంచినీళ్లు. పరిశోధనశాల గాజుగదిలో పదకొండేళ్లు వాటిని మోసినామెను అందరూ నీళ్లక్క అనేవారు. ఒక్కరోజు కూడా ఆమె చేతిలో డబ్బా మారలేదు. మారిందని నింద వేసి ఆమెను పనిలోంచి పంపేశారు.

విషపు నీళ్లు పోసిన నలభై వరి కుండీల్లో ముప్పైతొమ్మిది పాలిపోయాయి. ముప్పై ఏడోది మాత్రం పచ్చగా నిలిచింది.

"దీనికి నీలం డబ్బాతో పోశావు కదూ?" అన్నాడు ఆ ప్రయోగం నడిపే సారు.

"లేదండీ."

"దీంతో కబుర్లు చెబుతావట. జాలిపడ్డావేమో."

కబుర్ల మాట నిజమే. ఇంటిదగ్గర ఆమె మాట వినే తీరిక ఎవరికీ లేదు. "అక్కా, ఆ కుండీకి సంబంధాలేమైనా చూస్తున్నావా?" అని తోటివాళ్లు ఆటపట్టించేవారు. చివరికి ఆ వేళాకోళమే సాక్ష్యమై కూర్చుంది. ఆ కుండీ గింజల్ని పొట్లం కట్టి, 'చెడిపోయిన నమూనా' అని రాసి అలమారాలో పడేశారు.

ఆమె ఉండేది తమ్ముడి ఇంట్లో. "ఒప్పేసుకుంటే పోయేదిగా అక్కా. నాలుగు చుక్కలు మంచినీళ్లు పోస్తే ఉరి తీస్తారా?" అన్నాడతను బూట్లు విప్పుకుంటూ. మరదలు నవ్వు ఆపుకుంది. సారు నమ్మకపోవడం కంటే నీళ్లక్కకు అదే ఎక్కువ గుచ్చుకుంది. నెల తిరక్కుండా వేరే గది చూసుకుంది.

గదికి ఒకటే కిటికీ, దాని ఎదురుగా గోడ. దర్జీ కొట్టు నుంచి చొక్కాలు తెచ్చి గుండీలు కుట్టేది. అవి ఇచ్చేసి వచ్చాక మర్నాటిదాకా నోరు విప్పే పనుండేది కాదు. కిటికీలో ఒక్క మొక్కైనా పెట్టుకోలేదు. మంచినీళ్ల జగ్గు ఎత్తేముందు మాత్రం పిడి రంగు చూసుకునేది. ఒక్కోసారి తనకే అనుమానం వచ్చేది, నిజంగానే పోశానేమోనని.

నాలుగేళ్లకు సారు వెతుక్కుంటూ వచ్చాడు. ఉన్న ఒక్క స్టూలూ ఆయనకిచ్చి ఆమె గోడకానుకుని నిలబడింది.

కొత్తగా చేరిన పరిశోధకురాలు ఆ పొట్లం విప్పి గింజలు నాటిందట. తలుపుకు తాళం వేసి, విషపు నీళ్లు సారే స్వయంగా పోశాడట. వరసగా మూడు పంటలూ పచ్చగానే ఉన్నాయట.

"ఆ మొక్క కాడ్మియాన్ని వేళ్లలోనే బంధించి పెడుతోంది, గింజదాకా పోనివ్వడం లేదు. ఒక్క జన్యువులో తేడా. ఆ గుణం విత్తనం నుంచి విత్తనానికి దిగుతోంది. నువ్వు చెప్పిందే నిజం. మళ్లీ పనిలోకి రా."

మూడు పంటలు సాక్ష్యం చెబితే గానీ ఆమె మాట చెల్లలేదు.

"ఈ సంగతి మా తమ్ముడికి చెప్పారా?"

"లేదు. నేరుగా నీ దగ్గరికే వచ్చాను."

ఆమె చేతిలోని చొక్కా మడిచి పక్కన పెట్టింది. ఆ తర్వాత వాళ్లిద్దరూ మళ్లీ కలుసుకోలేదు. ఆ రోజు ఆమె అన్నది ఇంతే:

"ఆ మొక్కే నయమండీ, విషాన్ని వేళ్లలోనే ఆపుకుంది. నాకు పైదాకా ఎక్కేసింది. పనికి రాలేను. వెళ్తూ వెళ్తూ మా తమ్ముడి ఇంటి దగ్గర ఒక్క నిమిషం ఆగి, నేను డబ్బా మార్చలేదన్న మాట వాడికి చెప్పండి. మరదలు కూడా ఉన్నప్పుడు చెప్పండి."