ఎడమ తెర వెనక

దయ్యాలంటే నాకు ఎప్పుడూ నవ్వులాటే. మైపాడు శ్మశానం పక్కన కూర్చుని నాటకాలు రాసినవాణ్ణి, ఒక్కటీ వచ్చి పలకరించలేదు.

వేట నిషేధం రోజుల్లో మా పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. జనం ఖాళీ. సాయంత్రంపూట తుఫాను షెల్టర్ హాల్లో నాటకం వేసేవాళ్లం. మా నటులకు మాటలు కంఠతా వచ్చేవి కావు. కుడి తెర వెనక నిలబడి నేను మెల్లగా అందించేవాణ్ణి, వాళ్లు విన్నది విన్నట్టు చెప్పేసేవాళ్లు.

మూడేళ్ల కిందట వేసింది ఒక రాక్ స్టార్ ప్రేమకథ. పేర్లు మార్చానుగానీ అది మా డేవిడ్ కథేనని ఊరంతటికీ తెలుసు. చర్చిలో గిటారు వాయిస్తూ పెరిగిన డేవిడ్ చెన్నై వెళ్లి పెద్ద రాక్ స్టార్ అయ్యాడు. ఇక్కడ వాడు ప్రేమించిన సునీత సముద్రంలోకి నడిచి వెళ్లిపోయింది. పేరొచ్చాక పిల్లను మరిచాడని అందరూ తిట్టారు. నేనూ అలాగే రాశాను.

అది అబద్ధమని నా ఒక్కడికే తెలుసు. ఇంట్లో ఫోన్ లాక్కున్నారని సునీత డేవిడ్‌కు చీటీ రాసి, చెన్నై వెళ్తున్న నా చేతికిచ్చింది. నెల్లూరు బస్టాండులో చదివి చించేశాను. ఆ పిల్లంటే నాకు ప్రాణం. తను మాత్రం నన్ను శీనన్నా అనేది. ఆ పిలుపు వింటే ఒళ్లు మండేది.

ఏడిపిద్దామనే డేవిడ్‌ను పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టాను. రెండో రంగానికే కళ్లు తుడుచుకుంటున్నాడు. నాకు హాయిగా ఉంది, దాచుకోను.

చివరి రంగంలో కథానాయిక "నువ్వు నన్ను మరిచావు" అనాలి. అందించాను. నెల్లూరు నుంచి పిలిపించిన నటి లత నా వైపు చూడనే లేదు. ఎడమవైపు చెవి పెట్టి విని, వేరే మాటలు చెప్పింది.

"డేవిడ్, నాకు పెళ్లి కుదిర్చినారు. ఆదివారం లోపల వచ్చి తీసుకుపో. ఈ చీటీ శీనన్నకు ఇచ్చి పంపిస్తా ఉండా."

చీటీలో ఉన్న మాటలే. ఒక్కటీ పొల్లుపోలేదు.

తెర దించాక లత నా మీదే విసుక్కుంది. "ఎడంపక్క ఇంకో అక్కను పెట్టినారని ముందే చెప్పొచ్చు కదా సార్?"

ఎడమ తెర వెనక ఉన్నది గోడ. పిల్లి దూరే సందు కూడా లేదు. లతకు సునీత ఎవరో తెలియదు. నేను ఆమెకు శ్రీనివాసులు సారునే.

డేవిడ్ లోపలికి వచ్చాడు. కొడతాడనుకున్నాను.

"ఏ రోజు ఇచ్చింది రా?" అని మాత్రం అడిగాడు.

బుధవారమన్నాను.

"ఆ వారమంతా నేను ఖాళీగానే ఉండాను రా" అని వెళ్లిపోయాడు. కొట్టి ఉంటే బాగుండేది.

నాటకాలు మానేశాను. ఎంత ఆలోచించినా ఆ సాయంత్రం ఇప్పటికీ అంతుబట్టదు. ఆ చీటీలో ఏముందో తెలిసింది లోకంలో ఇద్దరికే. అందించింది నేను కాదు.