ఓడినవాళ్ళను అడిగి పెట్టుకున్న లాయరు

నా భార్య పోయి ఇరవై మూడు రోజులైంది. కబురు అందని వాళ్ళకు ఇలా తెలియజేస్తున్నాను. పరామర్శకు వచ్చినవాళ్ళంతా ఆమె ఓర్పు గురించి మాట్లాడుతున్నారు. నాకు మాత్రం ఆమె లాయరును వెతికిన తీరే గుర్తొస్తోంది.

మాది బోగోలు దగ్గర తీరప్రాంతం. రొయ్యల గుంటల కోసం ఇల్లు బ్యాంకులో తాకట్టు పెట్టింది నేను. వరసగా రెండు పంటలకు వైరస్ తగిలింది. ఇల్లు స్వాధీనం చేసుకుంటున్నామని బ్యాంకు వాళ్ళు గోడకు నోటీసు అంటించి వెళ్ళారు. నేను డిగ్రీ చదివినవాణ్ణి. నెల్లూరులో పేరున్న లాయరు ఎవరా అని రెండు వారాలు బంధువులకు ఫోన్లు చేస్తూ కూర్చున్నాను. ఆమె చదివింది ఎనిమిదో తరగతి. ఒక ఉదయం టిఫిన్ డబ్బా కట్టుకుని బస్సెక్కి కావలి కోర్టుకు వెళ్ళింది. మూడు రోజులు అలాగే వెళ్ళింది.

కోర్టు ముందు టీ బంకు దగ్గర కూర్చుని, కేసు ఓడిపోయి వచ్చేవాళ్ళను పలకరించేదట.

"ఓడిపోయినోళ్ళతో మనకేం పని?" అన్నాను.

"గెలిచినోడు ఏ లాయరునైనా పొగుడుతాడు. ఓడినోడు చెప్పేదే వినాల."

మూడో రోజు ఒక ముసలి రైతు దొరికాడట. "ఓడిపోతామని ఆయన ముందే చెప్పినాడమ్మా, నేనే వినలా. ఇంకో కేసుంటే మళ్ళా ఆయనకే ఇచ్చినా" అన్నాడట. ఆమెకు అది చాలింది.

ఆ లాయరు గారి గది ఒక సైకిల్ షాపు మేడ మీద. కాగితాలన్నీ చదివేదాకా ఆయన తల ఎత్తలేదు.

"విశాఖలో బ్యాంకు అప్పుల ట్రిబ్యునల్లో వేయాల. నలభై ఐదు రోజుల గడువులో ఇరవై రోజులు ఇంట్లోనే పోగొట్టుకున్నారు. వేస్తాను. గెలుస్తామని మాత్రం చెప్పలేను."

ఆమె నా వైపు తిరిగి, "పెన్ను తీయండి" అంది. వకాల్తా మీద సంతకం చేశాను.

కేసు నడుస్తుండగానే ఆమెకు జబ్బు బయటపడింది. బ్యాంకు వేలానికి తేదీ వేసేనాటికి నెల్లూరు ఆసుపత్రిలో ఉంది. ఇంక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు డాక్టరు. దాచితే ఊరుకునే మనిషి కాదు. చెప్పాను.

"ఏ ఇంటికి?" అంది.

వేలం ఇంకో మూడు రోజుల్లో. లాయరు గారు విశాఖలో ఉన్నారు. ఆమె నొప్పి గురించి ఒక్క మాట అనలేదు. "ఫోన్ వచ్చిందా?" అనే అడిగేది. వేలానికి ముందు రోజు మధ్యాహ్నం ఆయన ఫోన్ వచ్చింది.

"ఆపినారు సార్. వాయిదాల్లో కట్టుకోమన్నారు. అక్కకు చెప్పండి."

ఫోన్ ఆమె చెవి దగ్గర పెట్టాను. అంతా విని, "భోంచేసినారా సార్?" అని అడిగింది.

ఇంటికొచ్చిన రెండో రోజే పెయింటరును పిలిపించమంది. ఎవరిదవుతుందో తెలియని ఇంటికి రంగెందుకని రెండేళ్ళుగా ఊరుకున్నాం. ఉప్పుగాలికి కిటికీలు పెచ్చులూడిపోయాయి. వరండాలో మంచం మీది నుంచే అజమాయిషీ చేసింది.

"ఆ మూల వచ్చే ఏటికి వదిలినావా అబ్బయ్యా?"

అతను నవ్వి మళ్ళీ పూసేవాడు.

రెండో కిటికీ సగంలో ఉండగా ఆమె మాట ఆగింది. ఇంకేదో అంటుందని అతను కుంచె పట్టుకుని కాసేపు ఎదురుచూశాడు. తర్వాత స్టూలు దిగి, చప్పుడు కాకుండా డబ్బాకు మూత పెట్టాడు.